విశాఖపట్నం కోర్టులో ఒక అరబ్బు, దానాపూర్‌లో ఒక విద్యార్థి



మన యారాడ తీరాన నిలబడితే రేవుకు వచ్చే ఓడలు, రేవు వదిలిపోయే ఓడలు కనబడతాయి. మన కోస్తా పల్లెల నుంచి ఎంతోమంది పిల్లలు సముద్రం దాటి అరబ్బు దేశాలకు పనికి వెళ్ళారు. అక్కడ వాళ్ళకు ఎదురయ్యే మొదటి కష్టం భాష. కుడి నుంచి ఎడమకు రాసే లిపి, గొంతు లోపలి నుంచి పలకవలసిన అక్షరాలు. రెండు వందల ఏళ్ళ క్రితం ఒక దైవసేవకుడు కూడా పరాయి దేశంలో ఉండి ఇదే భాషతో కుస్తీ పట్టాడు. ఆయనకు దొరికిన గురువు మన విశాఖపట్నంలో క్రీస్తును ఎరిగినవాడు. ఈ వారం వాళ్ళిద్దరి సంగతి చూద్దాం.

ఆ గురువు పేరు సబాత్. అరేబియా దేశస్థుడు, మంచి వంశంలో పుట్టినవాడు. అతని కథను క్లాడియస్ బుకనన్ అనే పాదిరి 1809లో ఇంగ్లాండులో ఒక ప్రసంగంలో చెప్పాడు. సబాత్‌కు అబ్దుల్లా అని ప్రాణస్నేహితుడు. అబ్దుల్లా కాబూలులో ఉండగా అరబీ బైబిలు చదివి క్రీస్తును నమ్మాడు. ప్రాణభయంతో బుఖారాకు పారిపోయాడు. అక్కడ అతన్ని గుర్తుపట్టి పట్టించినవాడు సబాతే. అబ్దుల్లా విశ్వాసం విడువలేదు, చంపబడ్డాడు. చనిపోయేముందు అతను తనవైపు చూసిన చూపులో కోపం లేదని, జాలి మాత్రమే ఉందని సబాత్ తరువాత చెప్పుకున్నాడట. ఆ చూపు అతన్ని ఊరూరా తరిమింది.

చివరికి అతను విశాఖపట్నం చేరాడు. ఇంగ్లీషు కంపెనీ కోర్టులో ముస్లిం ధర్మశాస్త్రాన్ని వివరించి చెప్పే ఉద్యోగం దొరికింది. ఇక్కడే ఒక అరబీ కొత్త నిబంధన అతని చేతికి వచ్చింది. చదివాడు, పోల్చి చూశాడు, నమ్మాడు. మద్రాసు వెళ్ళి డాక్టర్ కెర్ అనే పాదిరి చేత బాప్తిస్మం పొంది నతనయేలు అనే పేరు తీసుకున్నాడు. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నం వచ్చి, తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిన రోజులకు ఇది దగ్గరి కాలమే.

ఇక విద్యార్థి సంగతి. పేరు హెన్రీ మార్టిన్. కేంబ్రిడ్జిలో 1801లో గణితంలో మొదటి స్థానం పొందినవాడు. 1806లో కంపెనీ సైన్యానికి పాదిరిగా మన దేశం వచ్చి, పాట్నా దగ్గర దానాపూర్‌లో ఉన్నాడు. 1807 చివరలో సబాత్ అక్కడికి చేరాడు. కొత్త నిబంధనను అరబీలోకి, పారసీలోకి తేవడం వాళ్ళ పని. ఉర్దూ అనువాదం కూడా మార్టిన్ చేతిలోనే ఉంది.

ఆయన దినచర్య తేలికైనది కాదు. సైనికులకు ఆరాధన, ఆసుపత్రిలో రోగుల పరామర్శ, పిల్లల బడులు. మిగిలిన సమయమంతా మున్షీలతో, సబాత్‌తో పాఠం. సబాత్‌కు ఇంగ్లీషు రాదు, కాబట్టి గురుశిష్యులు పారసీలో మాట్లాడుకోవాలి. అంటే పాఠం నేర్చుకోవడానికే ఇంకో పరాయి భాష కావాలి. అరబీలో చాలా మాటలు మూడు హల్లుల మూలం నుంచి పుడతాయి. క, త, బ అనే మూడింటి నుంచి కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తబ్ అంటే బడి. ఈ మూలాల వెంట పడి మార్టిన్ నిద్ర కూడా పోగొట్టుకునేవాడు. పైగా క్షయరోగం ఒంట్లో ఉంది.

అన్నిటికంటే పెద్ద కష్టం గురువుగారి కోపం. సబాత్ గొప్ప పండితుడే, కాని గర్వి. ఒక్క వచనం దగ్గర కూర్చుని కదిలేవాడు కాదు. తోటి పండితులను చిన్నచూపు చూసేవాడు, అలిగి పని మానేసేవాడు. మార్టిన్ ఓర్చుకున్నాడు, బతిమాలాడు, మళ్ళీ కూర్చోబెట్టాడు. కాన్పూరుకు బదిలీ అయినా ఈ తంతు ఆగలేదు. తీరా పారసీ అనువాదంలో అరబీ మాటలు మరీ ఎక్కువయ్యాయని కలకత్తాలో పెద్దలు ఒప్పుకోలేదు. మార్టిన్ 1811లో షీరాజ్ వెళ్ళి, అక్కడి మీర్జా సయ్యద్ అలీ సహాయంతో పారసీ పనంతా మళ్ళీ మొదటినుంచి చేశాడు. 1812 అక్టోబరు 16న, ఇంటికి పోయే దారిలో, టర్కీలోని తోకాత్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్ళు.

సబాత్ ఏమయ్యాడు? మార్టిన్ వెళ్ళాక విశ్వాసం వదిలి, క్రైస్తవానికి విరోధంగా పుస్తకం అచ్చువేశాడు. తరువాత సుమత్రా దీవి వైపు వెళ్ళి, అక్కడి రాజ్య కలహాల్లో చిక్కుకుని సముద్రంలో ముంచి చంపబడ్డాడు. అతని మనసు చివరికి ఎటు తిరిగిందో తీర్పు చెప్పడం మన పని కాదు.

మరి ఇన్నేళ్ళ శ్రమ వృథాయేనా? సంఘంలో ఎవరైనా పడిపోయినప్పుడు మనం అడిగే ప్రశ్న ఇదే కదా. అతను నేర్పిన పాట ఇక పాడాలా, అతను చెప్పిన వాక్యం ఇక నమ్మాలా అని. చరిత్ర చూడండి. వాళ్ళిద్దరూ కూర్చుని చేసిన అరబీ కొత్త నిబంధన 1816లో కలకత్తాలో అచ్చయింది. కాన్పూరులో మార్టిన్ తన వాకిట్లో బిచ్చగాళ్ళకు బోధించే మాటలు విన్న షేక్ సాలిహ్ అనే యువకుడు, సబాత్ దగ్గర ప్రతులు రాసే పనిలో చేరాడు. అక్కడే వాక్యం అతన్ని పట్టుకుంది. 1811లో అబ్దుల్ మసీహ్‌గా బాప్తిస్మం పొంది, ఆగ్రాలో చాలా ఏళ్ళు సేవ చేశాడు. పాత్ర పగిలింది గాని అందులోని ధనం పోలేదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయంలో మట్టి పాత్రల సంగతి చదవండి.

అయితే పగిలిన పాత్రను చూసి మనం నవ్వకూడదు. సబాత్‌కు వాక్యంలోని ప్రతి మాటకు అర్థం తెలుసు. అది తెలిసినంత మాత్రాన హృదయం మెత్తబడలేదు. మార్టిన్‌కు అంత పాండిత్యం లేదు, కాని రోజూ శిష్యుడిలా కూర్చునే తగ్గింపు ఉంది. మనలో ఎక్కువ వాక్యం తెలిసినవాళ్ళం, ముఖ్యంగా బోధించేవాళ్ళం, ఏ బెంచీ మీద కూర్చున్నామో చూసుకోవాలి.

గల్ఫ్‌లో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పెంతెకొస్తు దినాన తమ భాషలో దేవుని గొప్ప కార్యాలు విన్నవారిలో అరబీయులు కూడా ఉన్నారు. మీరు తడబడుతూ నేర్చుకునే ఆ భాషను ఆయన ఎప్పుడో ఎరుగును. మీ యజమాని కసిరినా, మాట తప్పు పలికి నలుగురిలో నవ్వులపాలైనా కుంగిపోకండి. రోజుకు ఒక్క మాట నేర్చుకోండి, దాన్ని ప్రేమతో పలకండి. అబ్దుల్లా చివరి చూపు చేసిన పని గుర్తుంచుకోండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దూరదేశాల్లో ఉన్న మా బిడ్డలను కాపాడుము. మా జ్ఞానము మమ్మును గర్వపరచకుండునట్లు నీ కృప దయచేయుము. పడిపోయినవారి కొరకు కన్నీటితో ప్రార్థించు హృదయమును మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.