చెన్నపురి తీరమున ఓడలు, చమురు

చెన్నపురికి ప్రకృతి యొసగిన రేవు లేదు. పూర్వము ఓడలు లోతునీటియందు లంగరు వేసి నిలువగా, సరకులను మసూలా పడవలలో ఒడ్డునకు చేర్చెడివారు. తరువాత కట్టిన రేవు గోడలను 1881 నవంబరు తుపాను కూల్చివేయగా మరల కట్టవలసివచ్చెను. 1966 నవంబరు తుపానునందు మారీ హోరా, ప్రోగ్రెస్, స్టమాటిస్ అను మూడు ఓడలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చి ఇసుకలో దిగబడినవి. 2012 అక్టోబరు 31న నీలం తుపానుకు ప్రతిభా కావేరి అను చమురు ఓడ బెసంట్ నగరు చెంత ఇట్లే చిక్కుకొనెను. ప్రాణరక్షణ పడవ తలక్రిందులై కొందరు నావికులు మరణించిరి. చమురు మాత్రము తీరమును ముంచలేదు.

ఆ కీడు 2017 జనవరి 28 తెల్లవారుజామున సంభవించినది. అప్పుడు తుపాను లేదు. ఎన్నూరు కామరాజర్ రేవు వెలుపల, గ్యాసు దింపి వెడలుచున్న బి.డబ్ల్యు. మేపుల్, చమురుతో వచ్చుచున్న డాన్ కాంచీపురం ఢీకొనెను. తొలి ప్రకటనలు నష్టము లేదన్నవి. కాని ఒడ్డున నున్న జాలరులకు నీటి రంగే నిజము చెప్పినది.

ఒలికినది చిక్కని ఫర్నేసు ఆయిలు. ఈశాన్య ఋతుపవన కాలమున ఈ తీరపు ప్రవాహము దక్షిణమునకు సాగును గనుక చమురు మెరీనా దాటి తిరువాన్మియూరు వరకు చేరెను. మిక్కిలిగా పేరుకొన్నది ఎర్నావూరు బండలనడుమ. ఆ బండల వెనుక ఒక చరిత్ర కలదు. రేవు గోడలు దక్షిణమునుండి వచ్చు ఇసుకను అడ్డగించుటచే మెరీనా విశాలమయ్యెను, ఉత్తరతీరము కోతకు గురియయ్యెను. కోతను ఆపుటకు వేసిన రాళ్లే చమురును పట్టి నిలిపినవి! నీటితో కలిసి జిగురుబురదయైన చమురునకు పీల్చు యంత్రములు చాలక, జాలరులు, విద్యార్థులు, తీరరక్షకదళమువారు బకెట్లతో తోడిరి. కాశిమేడులో చేపలు కొనువారు కరవైరి. చమురంటని చేపకును ఆ అపవాదు తప్పలేదు.

2023 డిసెంబరు మిచాంగ్ తుపాను వరదలో చమురు మరల ఎన్నూరు కయ్యను కప్పినది. ఈసారి ఓడ ప్రసక్తి లేదు. మణలి పరిశ్రమల ప్రాంతమునుండి బకింగ్‌హాం కాలువమీదుగా వచ్చినది. ఒకప్పుడు తెలుగునాటి బియ్యము పడవలపై చెన్నపురికి చేరిన కాలువ యదియే. ఎన్నూరు జాలరులు మరల బకెట్లు పట్టి పడవలెక్కిరి.