వరిచేనుకు సాలీడే కాపలా.. తొలి పిచికారీతోనే దూరం

వరిలో సుడిదోమ కనిపించగానే రైతు చేయి ముందుగా పురుగుమందు డబ్బా మీదికే పోతుంది. అదే మడిలో, అదే దుబ్బు మొదట్లో ఆ దోమను పట్టి తినే సాలీడు ఉన్న సంగతి చాలామంది గమనించరు. వరి కూడా గడ్డి జాతి పైరే. గడ్డి పెరిగే ప్రతిచోటా దానిని తినే పురుగులు, ఆ పురుగులను వేటాడే సాలీళ్లు ఉంటాయి. ఈ తూకం చెడినప్పుడు నష్టపోయేది పైరే.

సాలీళ్లన్నీ గూళ్లు అల్లవు. వరిచేలల్లో ప్రధానమైన లైకోసా సాలీడు (తోడేలు సాలీడు) నీటిమట్టానికి కాస్త పైన, దుబ్బుల మొదళ్లలో తిరుగుతూ వేటాడుతుంది. సుడిదోమ రసం పీల్చేదీ అక్కడే. ఒక్కో సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను తింటుంది. తల్లి సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక వాటిని వీపున మోస్తుంది. పొడవు కాళ్ల టెట్రాగ్నాతా సాలీడు మాత్రం ఆకుల నడుమ గూడు అల్లి, పగటివేళ ఆకు వెంబడి పుల్లలా సాగి పడుకుంటుంది. రోజుకు రెండు మూడు పురుగులు దాని వంతు.

దోమ రాకముందే..

నాట్లు పడిన తొలి రోజుల్లో దోమ ఉండదు. మరి సాలీళ్లు ఏం తిని బతుకుతాయి? ఇండోనేషియాలోని జావా వరిచేలల్లో జరిగిన పరిశోధన 1996లో దీనికి జవాబు చెప్పింది. నీటిలో కుళ్లే సేంద్రియ పదార్థంపై పెరిగే, పైరుకు హాని చేయని చిన్న కీటకాలే వాటికి తొలి ఆహారం. చేలో పశువుల ఎరువు, కంపోస్టు ఉంటే ఆ కీటకాలు, వాటితోపాటు సాలీళ్లు ముందే వృద్ధి చెందుతాయి. నాటిన కొద్ది రోజులకే అలవాటుగా కొట్టే మందు ఈ ఏర్పాటును మొదట్లోనే దెబ్బతీస్తుంది.

భయమూ ఆయుధమే

సాలీడు ప్రభావం తినడంతోనే ఆగదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర పచ్చిక మైదానాల్లో ఆస్వాల్డ్ ష్మిట్జ్ బృందం ఒక వింత ప్రయోగం చేసింది. ఫలితాలు 1997లో వెలువడ్డాయి. కొన్ని సాలీళ్ల నోటిభాగాలను జిగురుతో అతికించి, మిడతలున్న పంజరాల్లో వదిలారు. కరవలేని ఆ సాలీళ్లను చూసి కూడా మిడతలు తమకిష్టమైన గడ్డిని వదిలి, దాగేందుకు అనువైన వెడల్పాకు మొక్కల్లోకి చేరాయి. మేత తగ్గింది. మిడతల సంఖ్య కూడా నిజంగా వేటాడే సాలీళ్లున్న పంజరాల్లో మాదిరిగానే దాదాపు అంతే పడిపోయింది.

మందు కొడితే పెరిగిన దోమ

సుడిదోమ గుడ్లు కాండాన్ని చుట్టిన ఆకు తొడుగు లోపల ఉంటాయి. మందు వాటిని సరిగా చేరదు. పైన తిరిగే సాలీడు మాత్రం నేరుగా మందు బారిన పడుతుంది. కొద్ది రోజుల్లో పొదిగి వచ్చే దోమ పిల్లలకు ఇక అడ్డు లేదు. పీటర్ కెన్‌మోర్ తదితరుల పరిశోధనలు ఫిలిప్పీన్స్‌లో ఈ విషయాన్ని తేల్చిచెప్పాయి. వాటి ప్రభావంతో ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. పురుగుమందులపై రాయితీలను 1989లో పూర్తిగా ఎత్తివేసింది. ఒక ప్రభుత్వం ఇంత తెగింపు చూపడం అరుదే.

అయితే సాలీడు సర్వరోగ నివారిణి కాదు. దోమ నెలలోపే ఒక తరం పూర్తిచేసుకుంటుంది. సాలీడు సంతతి అంత వేగంగా పెరగదు. పైగా దోమ గుడ్లను తినే మేలు చేసే నల్లులను సైతం అది విడిచిపెట్టదు. దోమ ఉద్ధృతి హద్దు దాటితే మందు తప్పదు. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, అంకురం నుంచి ఈనిక వరకు 20 నుంచి 25 దోమలు ఆ హద్దుగా చెబుతారు. లెక్కించేటప్పుడు దుబ్బును కాస్త వంచి, దోమలతోపాటు సాలీళ్లనూ చూడాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దోమను మరింత పెంచుతాయి కనుక వాటి జోలికి పోరాదు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు సోకి దోమ తగ్గుతుంది. గట్ల వెంట అక్కడక్కడ ఎండుగడ్డి మోపులు నిలిపితే సాలీళ్లు వాటిలో తలదాచుకుని తిరిగి పైరులోకి దిగుతాయి.