ప్రాగు నగరపు రాతి వంతెన



నదీతీరమున కాపురముండువారికి వరద యనిన నేమో వేరుగ చెప్పవలసిన పని లేదు. నేడు నేను మీకు వినిపింపబోవునది ఐరోపాఖండపు నడుమ చెక్ దేశ రాజధానియగు ప్రాగు నగరమున నేను చూచివచ్చిన యొక వంతెన చరిత్రము. అందు సగపాలు వరదల చరిత్రమే.

ఆ నగరమును వ్లటావా నది రెండుగా చీల్చుచున్నది. తూర్పుగట్టున పాత పట్టణము, పడమటిగట్టున చిన్న పట్టణము, దానికి మీదుగా గుట్టపై రాజుల కోట. ఈ రెండు గట్టులను కలుపు వంతెన పొడవు 516 మీటర్లు, వెడల్పు పది మీటర్లకు కొంచెము తక్కువ, కమానులు పదునారు. 1841 వరకు ఆ నగరమున ఆ నదికి వేరు వంతెన లేదు. కావున జనులు దానిని రాతి వంతెన యనియే పిలుచుచుండిరి. కట్టించిన రాజు పేర చార్లెసు వంతెన యనుట 1870 నుండి వచ్చిన వాడుక.

ఆరువందల యేండ్లకు పైబడియు చెక్కుచెదరక నిలిచియున్న వంతెన యని విని, యాత్రికుల రద్దీ మొదలు కాకమునుపే చూడవలెనని నేను తెల్లవారుజామున బస విడిచి బయలుదేరితిని. నాకు దారి చూప వచ్చిన ఆ యూరి పెద్దమనుష్యుడు నన్ను వంతెనపైకి గాక, ముందుగా దాని ప్రక్కనున్న గట్టుగోడ యొద్దకు కొనిపోయి క్రిందికి చూడుడనెను. గోడరాళ్ల నడుమ గడ్డము గల యొక పురుషుని శిరస్సు చెక్కబడియున్నది. వారి భాషలో దాని పేరు బ్రదాచ్, అనగా గడ్డపువాడు. పూర్వము నీరు వాని గడ్డమును తాకగానే పల్లపు వీధులవారు సామానులు సర్దుకొని మెరకకు తరలుచుండిరట. కొలబద్దపై అంకెలు చదువనేరనివారికి గూడ ఆ గడ్డము తెలియును గదా!

ఆ శిల ఇప్పటి వంతెనది కాదు. అంతకుముందున్న వంతెనది. 12వ శతాబ్దమున వ్లాదిస్లావు రాజు కాలమున కట్టబడి, రాణి యూదిత పేర వెలసిన ఆ రాతి వంతెన 1342లో కొట్టుకొనిపోయెను. మన నదులకు లేని యాపద యొకటి ఆ నదికి గలదు. శీతకాలమున దాని నీరు గడ్డకట్టును. ఎండ తగిలి ఆ మంచు పగిలినప్పుడు, బండరాళ్లవంటి గడ్డలు ప్రవాహముతో వచ్చి స్తంభములను మోదును. ఆ దెబ్బకే యూదిత వంతెన కూలినది. నేటికిని వంతెన స్తంభములకు ఎగువను, మంచు విరుగుటకై నాటిన దుంగల కట్టడములు కానవచ్చును.

క్రొత్త వంతెనకు నాల్గవ చార్లెసు చక్రవర్తి 1357లో పునాదిరాయి వేసెను. ఆ నగరమున 1348లో విశ్వవిద్యాలయమును స్థాపించినవాడును అతడే. శంకుస్థాపన ముహూర్తమును గూర్చి యొక చమత్కారము చెప్పుదురు. 1357వ సంవత్సరము, 9వ తేది, 7వ నెల, ఉదయము 5 గంటల 31 నిమిషములు. ఈ అంకెలను వరుసగా వ్రాసిన ఎటునుండి చదివినను ఒక్కటియే. వినుటకు ఇంపుగా నున్నది గాని, ఆ గంటయు నిమిషమును తరువాతివారు గణించి కూర్చినవి. సంవత్సరమును మాత్రము నమ్మవచ్చును.

సున్నములో కోడిగ్రుడ్లు కలిపిరనునది మరియొక కథ. దేశమందలి యూళ్లన్నియు గ్రుడ్లు పంపవలెనని రాజాజ్ఞ కాగా, వెల్వరీ యను ఊరివారు దారిలో పగులునని భయపడి ఉడికించి పంపిరట! మన మేస్త్రులు గానుగసున్నములో కరక్కాయనీరు, బెల్లపునీరు పోయుట నెరిగిన మనకు గ్రుడ్ల మాట వింతగా తోపదు. అయినను నిజముగా కలిపిరా లేదా యను వాదము శాస్త్రజ్ఞులలో ఈ కాలమునను నడచినది.

చార్లెసు 1378లో మరణించెను. వంతెన 15వ శతాబ్దారంభమునకు గాని పూర్తి కాలేదు. ఈ నడుమనే 1393లో అతని కుమారుడు నాల్గవ వెన్సెస్లాసు, నెపొముక్ గ్రామమువాడగు జాన్ అను మతాధికారిని హింసింపజేసి, దేహమును వంతెనపైనుండి నదిలో త్రోయించెను. రాణి పాపనివేదనమును రాజునకు వెల్లడింపనందున చంపబడెనని భక్తులు చెప్పుదురు. రాజునకును ప్రధాన మతగురువునకును మఠాధిపతి నియామకమును గూర్చి పుట్టిన తగవే కారణమని చరిత్రకారుల మతము. ఆయన విగ్రహమును 1683లో వంతెనపై నిలిపిరి. దాని పీఠముపైని లోహఫలకములు భక్తుల చేతులు తాకి తాకి మెరయుచున్నవి.

పాత పట్టణపు వైపు గోపురము ఇంతకంటె క్రూరమైనవానిని చూచినది. 1621లో రాజద్రోహులని 27గురికి మరణశిక్ష విధించి, వారిలో పన్నెండుగురి తలలను దానిపై వ్రేలాడగట్టిరి. అవి పదియేండ్లు అక్కడనే యుండెను. 1648లో స్వీడను సైన్యము చిన్న పట్టణమును పట్టుకొని వంతెన దాటజూచినపుడు, విద్యార్థులును పౌరులును ఈ గోపురము నొద్ద అడ్డగించి నిలిచిరి. పడమటి ముఖపు శిల్పములు ఆ యుద్ధమున పోయినవి. తూర్పు ముఖమువి మిగిలినవి.

ఇక వంతెన నడుమకు వచ్చినపుడు నా వెంటనున్న పెద్దమనుష్యుడు ఆగి, "ఇక్కడినుండి మూడు కమానులు పాతవి కావు సుమండీ" అనెను. చెక్కుచెదరనిది చూడవచ్చిన నాకు ఆ మాట కొంత నిరుత్సాహము కలిగించినది. 1890 సెప్టెంబరులో గొప్ప వరద వచ్చి, ఎగువ ప్రాంతపు కలప దుంగలును తెప్పలును కొట్టుకొనివచ్చి కమానులకు అడ్డుపడినవి. నీటికి దారి లేక వంతెనయే ఆనకట్ట యైనది. పునాదుల క్రింది మన్ను కోసికొనిపోయి మూడు కమానులు కూలినవి. వాటితోపాటు రెండు విగ్రహ సముదాయములు నదిలో పడినవి. అందొకటి మన గోవాలో దేహముంచబడిన ఫ్రాన్సిసు జేవియరుది. తూర్పుదేశపు జనులు ఆయనను భుజములపై మోయుచున్నట్లు చెక్కినది. దానికి మారుగా 1913లో నకలును నిలిపిరి. కూలిన కమానులను రెండేండ్లలో మరల రాతితోనే కట్టిరి.

తక్కిన విగ్రహములలోను అనేకములు నకళ్లే. ఇసుకరాయి వానకును పొగకును శిథిలమగుటచే మూలవిగ్రహములను ప్రదర్శనశాలకు తరలించిరి. 1883 నుండి గుఱ్ఱపు ట్రాములు, 1905 నుండి విద్యుత్తు ట్రాములు, పిదప మోటారులు నడచిన ఆ దారిని 1965లో వాహనములకు మూసివేసి, 1978 వరకు మరమ్మతు చేసిరి. "అయినచో చార్లెసు కట్టినది ఇందెంత?" అని నేనడిగితిని. ఆయన నవ్వి, "మా తాతలు పడినదానిని పడినట్లే విడిచిన మీరు చూచుటకేమి యుండును?" అనెను. నాకు బదులు తోచలేదు.

2002 ఆగస్టులో ఆ నగరమునకు అంతకంటె పెద్ద వరద వచ్చినది. ఈసారి 1890 నాటి పొరపాటు జరుగనీయలేదు. వంతెనపైననే పెద్ద యంత్రములను నిలిపి, కమానులకు అడ్డుపడు దుంగలను చెత్తను ఎప్పటికప్పుడు పైకి లాగివేసిరి. వంతెన నిలిచినది. తరువాతి యేండ్లలో నదీగర్భమున రెండు స్తంభముల పునాదులను బలపరచిరి.

తిరిగివచ్చుచు మరల గోడ యొద్ద ఆగితిని. అప్పటికి ప్రొద్దెక్కినది, వంతెనపై జనము క్రిక్కిరిసినది. ఆ నాడు నీరు గడ్డపువానికి చాల దిగువనే యుండెను.