మైనం మీద మూడు నిమిషాలు

లండన్, 1934 ఫిబ్రవరి 16. ఆబీ రోడ్డులో, బయటి నుంచి చూస్తే, మామూలు పాతకాలపు పెద్ద ఇల్లు. నడవ దాటి వెనక తోట ఉండాల్సిన చోటికి వెళితే స్టూడియో. మనం కుక్క బొమ్మ రికార్డులనేవాళ్లమే, ఆ హిజ్ మాస్టర్స్ వాయిస్ వాళ్లది. తెరిచి ఇంకా మూడేళ్లు కాలేదు.

రండి, గోడవారగా నిలబడండి. వాద్యగాళ్లు ఓవర్‌కోట్లు కుర్చీలకు తగిలించి పెట్టెలు విప్పుతున్నారు. ఇది రోజూ ఒకే హోటల్లో కలిసి వాయించే బ్యాండు కాదు. వెస్ట్ ఎండ్‌లోని మేటి డాన్స్ బ్యాండ్ల నుంచి రికార్డింగు కోసం ఏరి కూర్చిన బృందం. ఏరిన మనిషి రే నోబుల్, ముప్ఫై ఏళ్లవాడు. ఏ వాయిద్యం ఎక్కడ పలకాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ ఊరుకోవాలో కాగితం మీద రాసిందీ ఆయనే.

పక్క గదిలోకి ఒకసారి తొంగి చూడండి. ఇంజనీరు వెచ్చటి అరలోంచి మందపాటి మైనపు పళ్లేన్ని, అంచులు మాత్రమే పట్టుకుని, బయటికి తీస్తున్నాడు. చల్లబడితే ముల్లు నున్నగా కోయదు. పళ్లేన్ని తిప్పేది మోటారు కాదు, తాడుకు వేలాడుతూ నెమ్మదిగా కిందికి దిగే బరువు. నిమిషానికి 78 చుట్లు, వేగం ఇసుమంతైనా మారకూడదు. పది అంగుళాల రికార్డు మీద పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. విని చూద్దామంటే, ఆ వినడంతోనే మైనం మీద గాడి పాడైపోతుంది. అందుకని పరీక్షకొక పళ్లెం, అసలు రికార్డుకొకటి. అతుకులు వేయడం కుదరదు. ఎవరి వేలు తడబడినా అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి.

మైకు ముందుకొచ్చిన ఆ నల్లజుట్టు మనిషి అల్ బౌలీ. తండ్రి గ్రీకు, తల్లి లెబనాన్ ఆవిడ. మొజాంబిక్‌లో పుట్టి జొహానెస్‌బర్గ్‌లో పెరిగాడు. 1926లో మన కలకత్తాలో, గ్రాండ్ హోటల్ బ్యాండులో బాంజో వాయించాడు. ఈ కాలపు లేబుళ్ల మీద చాలాసార్లు గాయకుడి పేరే ఉండదు. పాట బ్యాండుది, గొంతు అందులో ఒక వాయిద్యం, అంతే.

సైగ అందింది. పాట 'మిడ్‌నైట్, ది స్టార్స్ అండ్ యూ'.

ముందు బ్యాండు మొత్తం వరసను ఒకసారి చెబుతుంది. బౌలీ కదలకుండా నిలబడి ఉంటాడు. ఇంత గొప్ప గొంతును అంతసేపు ఊరికే నిలబెట్టడం నోబుల్ చేసిన సాహసం, నా దృష్టిలో. ఆ గొంతు మొదలయ్యేసరికి బ్యాండు ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. బౌలీ స్వరం పెంచడు. మైకు లేక రికార్డింగు బాకాలోకి అరిచి పాడిన రోజుల్లో ఇంత మెల్లగా పాడితే రికార్డు మీద పడేదే కాదు. 1925లో రికార్డింగుకు వచ్చిన విద్యుత్ మైకు వల్లే ఒక మనిషి ఇంకో మనిషి చెవి దగ్గర మాట్లాడినట్టు పాడగలిగాడు. డజనుకు పైగా మనుషులు ఆ ఒక్కడి కోసం ఒద్దికగా వాయించడం వినండి. ఈ రికార్డుల మీద ప్రేమ ఇన్నేళ్లు నిలవడానికి అదే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. పాతరోజుల బెంగ అనేస్తారు గానీ, ఆ రోజులు చూడనివాళ్లే కదా ఇప్పుడు వీటిని వెతుక్కుంటున్నది!

ఈ మైనం నుంచి లోహపు అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల్లో పడేది లక్క, రాతిపొడి, మసి కలిసిన ముద్ద. అప్పట్లో ప్రపంచానికి లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుం చెట్ల కొమ్మల నుంచి గీకి తీసిన సరుకు లండన్ పాటను మోసింది.

1941 ఏప్రిల్ 16 రాత్రి బౌలీ హై వికం అనే ఊళ్లో పాడి, అక్కడ ఉండిపోకుండా రైలెక్కి లండన్ డ్యూక్ వీధిలోని తన ఇంటికి వచ్చేశాడు. తెల్లవారకముందే జర్మన్ విమానం వదిలిన పారాచూట్ మైన్ బయట పేలి చనిపోయాడు. 1980లో స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' సినిమా చివర ఈ రికార్డే వినిపించడంతో అతని పేరు తెలియని ఎంతోమందికి ఆ గొంతు పరిచయమైంది.

మీరు వినాలనుకుంటే మరీ శుభ్రం చేసిన కాపీ తెచ్చుకోకండి. గరగర పుట్టేది చాలావరకు ఆ రాతిపొడి వల్లే. దాన్ని పూర్తిగా తుడిచేయబోతే ఫిడేళ్ల మీద కమాను రాపిడి, తాళం అంచు మోత, పాదం చివర బౌలీ తీసుకునే ఊపిరి కూడా దాంతోపాటే పోతాయి. గరగర ఉన్నదే తీసుకోండి. మొదటి నిమిషంలో చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, సరిగ్గా బౌలీ మొదలుపెట్టే సమయానికి.