గుట్టల నడుమ మకాము

మన సీమ చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు కోటలతో ప్రారంభించుట మనకు అలవాటైపోయినది. కృష్ణగిరి బండమీది కోట, కనుమ కాచిన రాయకోట, హోసూరు కోట అని వరుసగా చెప్పుకొందుము. బారామహల్ అను పేరే పన్నెండు కోటలను బట్టి వచ్చినదని పెద్దలు చెప్పుదురు; ఆ పన్నెండు ఏవేవి అన్నప్పుడు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క జాబితా ఇత్తురు. అయితే కోటలో కాపురమున్నవారు కొందరే. కోట క్రింద, చెరువుగట్టున, చింతతోపులో, బండ నీడలో మకాము వేసి, నాలుగు రాళ్ళు పేర్చి పొయ్యి ముట్టించి, తెల్లవారి సాగిపోయినవారు లక్షలు. వారిలో గొఱ్ఱెల కాపరులున్నారు, బంజారాలున్నారు, సిపాయిలున్నారు, కొలత గొలుసులు మోసినవారున్నారు. మన సీమను నిర్మించినవారిలో వీరికి పెద్ద పాలు కలదు. వీరి మకాములను గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా నేల సంగతి. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున. ఈ రెంటి నడుమ నేల ఒక్కసారిగా దిగిపోవును. అందుచేతనే పైసీమకు బాలాఘాట్ అనియు, దిగువసీమకు బారామహల్ అనియు పేర్లు ఏర్పడినవి. ఎడారి కాదు గాని మెట్టసీమ. ఎటు చూచినను నల్లని బండలు, గుండ్లు, ముళ్ళపొదలు. నడుమ నడుమ ఎఱ్ఱనేలలో రాగిచేలు, ఉలవచేలు. నంది కొండలలో పుట్టిన దక్షిణ పినాకిని ఈ సీమను ఒరసికొని పోవును గాని, ఊరూరికి నీరందించునది మాత్రము చెరువే, కుంటయే. పడమట మేలగిరి అడవులు, అంచెట్టి, బెట్టముగిలాలము వైపు పోయినకొలది మనిషి అలికిడి తగ్గును. అక్కడ రాత్రి ఒక్కసారి బస చేసినవారికి నిశ్శబ్దమనగా ఏమో తెలియును.

ఇటువంటి నేలలో మకాము వేయుట ఒక విద్య. నీరెక్కడ ఉన్నదో తెలియవలెను. మన తెలుగులో ఈ విద్యకు కావలసిన మాటలన్నియు ఉన్నవి. బండలో సహజముగా ఏర్పడి వాననీరు నిలుచు గుంటకు దొన అని పేరు. గుట్టలోనుండి ఊరి వచ్చునది సెల. వానకాలమున మాత్రము పారునది వంక. రెండు కొండల నడిమి లోయ కోన. ఈ మాటలు తెలిసినవాడు వంకలో డేరా వేయడు. ఎగువన కురిసిన వాన అర్ధరాత్రి వరదగా వచ్చునని అతడెఱుగును. దొనను చూచి, దానికి కొంత ఎడముగా పడక వేయును. ఏలయన ఆ నీటికి తాను ఒక్కడే వచ్చువాడు కాదు. రాగి పంట చేతికి వచ్చు నెలలలో బన్నేరుఘట్ట అడవులనుండి మన అడవులకు ఏనుగుల మందలు దిగివచ్చును. వాటి త్రోవ ఎఱిగి, త్రోవ విడిచి బస చేయుట మన పల్లెలవారికి నేటికిని ప్రాణముతో కూడిన పాఠమే.

ఈ గుట్టలలో మనుష్యసంచారము ఎంత పాతదో చెప్పుటకు సాక్ష్యములు కలవు. మల్లచంద్రము గుట్టమీద నూటికి మించిన రాతిగదులు నేటికిని నిలిచి ఉన్నవి. పెద్ద పలకలను నిలిపి, మీద ఒక పలక కప్పి, ముందు గుండ్రని రంధ్రము తొలిచిన కట్టడములవి. చచ్చినవారికై ఇనుపయుగపువారు కట్టినవని పురావస్తుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తెలుగుదేశమున పలుచోట్ల ఇటువంటివానిని పాండవగుళ్ళు అందురు. అరణ్యవాసమున పాండవులు బస చేసిన ఇండ్లని మనవారి ఊహ. చరిత్రగా అది నిలువదు. కాని రాతిని చూడగానే మనవారికి స్ఫురించినది రాజభవనము కాక బాటసారుల బస అగుట గమనింపదగినది. ఇక బరుగూరు ప్రాంతమున మయిలాడుంపారై గుట్టవద్ద జరిగిన త్రవ్వకములలో దొరికిన ఇనుము సుమారు 4,200 ఏండ్ల నాటిదని తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రకటించినది.

ఈ సీమలో అన్నిటికంటె పాత మకాము, ఎన్నడును గ్రంథములకెక్కని మకాము, గొఱ్ఱెలకాపరిది. కోతలైన తరువాత కాపరి మందను తోలుకొని వచ్చి రైతు చేనిలో రాత్రులు మంద వేయును. చేనికి ఎరువు దక్కును; కాపరికి గింజలు దక్కును. నాలుగు గుంజలు, ముళ్ళకంప దడి, ఒక గొంగడి, ఒక కుక్క, ఇంత సంగటిముద్ద: అతని డేరా సామగ్రి ఇంతియే. మార్గశిరమాసపు చలికి మన పైసీమలో గొంగడి లేనివాడు తెల్లవారువరకు నిప్పుకడనే కూర్చుండవలెను. ఒక ఊరి మాట మరియొక ఊరికి, ఒక సీమ కథ మరియొక సీమకు చేరినది ఇటువంటి నెగళ్ళ చుట్టునే. హోసూరు, కోలారు, కుప్పము ప్రాంతములను కలిపి మొరసునాడు అని పూర్వము పిలిచెడివారు. ఆ నాటి తెలుగు నేటికిని ఈ మూడుచోట్ల ఒక్క యాసగా వినిపించుటకు కాపరుల త్రోవలును ఒక కారణమని మా అభిప్రాయము.

రాజ్యములు వచ్చిన తరువాత మకాము రూపు మారినది. పాళెము అను మాటకు దండు విడిసిన చోటు అని అర్థము. ఆ పాళెమును ఏలువాడు పాళెగాడు. హోసూరు ప్రాంతపు బాగలూరు, శూలగిరి, బేరికె, అంకుశగిరి పాళెములను ఈ సందర్భమున తలచుకొనవలెను. పేరులోనే చరిత్ర ఉన్నది. ఒకనాడు గుడారములు వేసిన చోట తరువాత గోడ లేచినది. గోడలోపల అంగడి వెలసినది. అంగడిచుట్టు ఊరు పెరిగినది. నేడు మనము స్థిరమైనవని తలచుచున్న ఊళ్ళలో కొన్నిటికి మొదలు ఒక రాత్రి బసయే కావచ్చును.

పదునెనిమిదవ శతాబ్దము చివర ఈ గుట్టల నడుమ విడిసిన దండుల వంటివి ఈ సీమ మరల చూడలేదు. మూడవ మైసూరు యుద్ధమున, 1791 జులైలో, ఇంగ్లీషు సేనలు హోసూరును, రాయకోటను పట్టుకొన్నవి. అదే సంవత్సరము నవంబరులో మాక్స్‌వెల్ అను సేనాని కృష్ణగిరిపై దాడి చేసి, దిగువకోట చొచ్చియు, పైకోట ఎక్కలేక వెనుదిరిగినాడు. మరల 1799 మార్చిలో జనరల్ హారిస్ నడపిన మహాసైన్యము రాయకోట, కెలమంగలము మీదుగా శ్రీరంగపట్టణమునకు సాగినది. నైజాము దండును అందులో కలిసి ఉన్నది. ఇన్ని వేలమందికి తిండి ఎక్కడిది? బంజారాల ఎద్దుల మీదిది. వేలకొలది పెరికెటెద్దులపై ధాన్యము మోసికొని, ఆలుబిడ్డలతో తాండాలుగా సాగి, దండు వెనుక మకాము వేసిన ఆ జనులు లేకున్నచో ఫిరంగులు అడుగు కదలెడివి కావు. ఆ యుద్ధచరిత్రలో సేనాపతుల పేర్లున్నవి; ఎద్దులు తోలినవారి పేర్లు లేవు.

1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో టిప్పు సుల్తాను బారామహల్‌ను, సేలమును కంపెనీకి వదలుకొన్నాడు. హోసూరు మాత్రము మైసూరు క్రిందనే ఉండిపోయినది. 1799 మే 4న టిప్పు మరణించిన తరువాతనే బాలాఘాట్ కంపెనీ పాలయినది. అనగా ఏడేండ్లు కృష్ణగిరి ఒక రాజ్యమున, హోసూరు మరియొక రాజ్యమున ఉన్నవన్నమాట. నేడు బస్సులో గంట, గంటన్నర దూరము, నాడు పరదేశము.

కొత్తగా చేజిక్కిన బారామహల్‌ను చక్కబెట్టుటకు కంపెనీవారు అలెగ్జాండర్ రీడ్ అను సైనికోద్యోగిని నియమించినారు. అతనికి సహాయకులు ముగ్గురు: గ్రాహం, మెక్లియడ్, థామస్ మన్రో. మన్రో 1792 నుండి 1799 వరకు ఈ సీమలో పనిచేసినాడు. అతని కచేరి అనగా చాలవరకు ఒక గుడారమే. ఊరూరికి గుడారముతో పోయి, శిస్తులు నిర్ణయించుచు, తనదని చెప్పుకొనుటకు రోజులో ఒక గడియ అయినను లేకున్నదనియు, ఉత్తరము వ్రాయుచున్నప్పుడును చుట్టు డజనుమంది మాటలాడుచునే ఉన్నారనియు అతడు స్వదేశమునకు వ్రాసినాడు. నిర్జనమైన గుట్టల నడుమ డేరా వేసికొన్నవానికి ఏకాంతము దొరకలేదు! డేరా గుడ్డకు తలుపు లేదు గనుక రైతు నేరుగా లోనికి రాగలిగినాడు. తన చేను ఎట్టిదో, చెరువు ఎప్పుడు తెగినదో, ఎద్దు ఎప్పుడు చచ్చినదో తన నోటనే చెప్పుకొనగలిగినాడు.

రైతుతో ఎవరికివారుగా పట్టా కుదుర్చుకొను రైతువారీ పద్ధతి ఇట్టి మకాములలోనే రూపుదిద్దుకొన్నది. రీడ్ 1796లో దానిని ప్రకటన రూపమున వెలువరించినాడు. నాటి నివేదికలు, ఉత్తరములు బారామహల్ రికార్డులు అను పేర 1907 నుండి మద్రాసు ప్రభుత్వముచే సంపుటములుగా అచ్చయినవి. ఈ పద్ధతిని మనము ఆకాశమునకు ఎత్తవలసిన పని లేదు. గుడారములో కూర్చున్నవాడు వచ్చినది రైతు కష్టము వినుటకంటె ముందు శిస్తు రాబట్టుటకు. శిస్తు బరువై రైతులు నలిగినమాట నిజము. అయినను జమీందారు గుమ్మమున కాక, తన చేని ప్రక్కన తన లెక్క తాను వినగలుగుట రైతుకు కొత్త సంగతియే. ఇక్కడ నేర్చిన పాఠమునే మన్రో 1800 తరువాత మన రాయలసీమలో అమలుపరచినాడు. అక్కడివారు అతనిని మాండవ ఋషి అన్నారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండవద్ద మకాములోనే కలరా సోకి మరణించినాడు. బారామహల్ గుడారముతో మొదలైన ఉద్యోగము గుడారముననే ముగిసినది.

యుద్ధము, శిస్తు కాక మరియొక పనికై మకాములు వేసినవాడు విలియం లాంబ్టన్. భూమిని త్రికోణములుగా విభజించి కొలుచుచు, 1802లో మద్రాసు సమీపమున పరంగికొండవద్ద ఆధారరేఖ కొలిచి, 1804లో బెంగుళూరువద్ద మరియొకటి కొలిచి, అతడు పడమటి సముద్రమువరకు సాగినాడు. అర టన్ను బరువుగల కొలత యంత్రమును మనుష్యులు భుజములపై కొండకొనలకు మోయవలసి వచ్చెడిది. గాలి తేలికపడి దూరపు గుర్తు కానవచ్చువరకు కొండమీదనే కాచుకొని ఉండవలెను. మెట్టసీమ మకాములో ఓర్పునకు ఇంతకంటె పెద్ద పరీక్ష లేదు.

ఇన్ని మకాములను తలచుకొనుటకు ఒక కారణము కలదు. తమిళనాట స్థిరపడిన తెలుగువారిని గూర్చి అప్పుడప్పుడు ఒక మాట వినబడుచుండును: వీరు విజయనగరపు దండులతో వచ్చి ఇక్కడ విడిసినవారు అని. అనగా వచ్చిపోవు అతిథులు అని ధ్వని. విజయనగర కాలమున అనేక కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చినమాట వాస్తవమే. కాని ఈ సీమలో ఒకప్పుడు డేరా వేయనివారెవ్వరు? రాజ్యములే డేరాలవలె లేచిపోయినవి. 1792లో మన నడుమ గీసిన సరిహద్దు 1799లో చెరిగినది. 1953 అక్టోబరు 1న భాషనుబట్టి ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మొరసునాడు మూడు రాష్ట్రముల పాలయినది. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లా, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లా విడివడినవి. గీతలు కదలినవి, మనము కదలలేదు. ఒకడు అతిథియో, ఇంటివాడో తెలిసికొనుటకు మా లెక్కన ఒక్కటే పరీక్ష: అతని భాషలో ఆ ఊరి దొనకు పేరున్నదా, గుట్టకు పేరున్నదా, వంకకు పేరున్నదా? మన భాషలో ఉన్నది.

ఆ పేర్లే నేడు జారిపోవుచున్నవి. 2006 నాటి చట్టము తరువాత మన పిల్లలకు బడిలో తమిళము తప్పనిసరి అయినది. అది నేర్వవలసినదే, ఈ నేల భాష గదా. కాని ఇంట తెలుగు సన్నగిల్లినచో దొన, సెల, కోన అను మాటలు ఏ చట్టమును తీసివేయకయే పోవును. మరియొక వైపు నల్లరాతికై గుట్టలను కోసి లారీలకెక్కించుచున్నారు. గుట్ట పోయిన తరువాత దాని పేరు ఎవరికి కావలెను? కొంత మేలును జరిగినది. మన పడమటి అడవులు 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమైనవి. అక్కడ ఇష్టము వచ్చినచోట డేరా వేయుటకు వీలులేదు; అటవీశాఖ అనుమతి పొందవలెను. అది సబబే. ఏనుగు త్రోవలో మన పొయ్యి ఉండరాదని మన కాపరులు ఏనాడో ఎఱుగుదురు.

కనుక మన కుటుంబములకు మా మనవి ఇది. వచ్చు సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని, అనుమతి ఉన్న ఏ తోపులోనో, బంధువుల చేనిలోనో ఒక రాత్రి బస చేయుడు. తాతయ్యలను, అవ్వలను తోడు పిలుచుకొని పోవుడు. ఎదుట కనిపించు ప్రతి గుట్టకు, ప్రతి కుంటకు వారు ఏ పేరు చెప్పుదురో పిల్లలచేత వ్రాయించుడు. ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క నోటుపుస్తకము వచ్చినను చాలును. మన సీమకు నేటివరకు లేని పటము ఒకటి సిద్ధమగును. కోటలను కాపాడుటకు ప్రభుత్వశాఖలున్నవి. ఈ పేర్లను కాపాడుటకు మనము తప్ప మరియొకరు లేరు.