ఎడారి ఇంట ముచ్చెల పువ్వు

దోహాలో ఏ మేడ మీది ఇంట్లోనో, తూర్పు కిటికీకి వేసిన పల్చటి తెర వెనక స్లిప్పర్ ఆర్కిడ్ ఒకటి విచ్చుకుందంటే, దాని వెనక రెండు వందల ఏళ్ల ప్రయాణం ఉంది. పూరేకుల్లో కిందిది సంచిలా ఉబ్బి, వెనకటివాళ్లు తొడిగిన ముచ్చె ముందుభాగంలా ఉంటుంది. ఆ పోలికే పేరైంది. 1886లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఫిట్సర్ ఆసియా రకాలకు పాఫియోపెడిలం అని పేరు పెట్టినప్పుడు, ప్రేమదేవత కొలువైన పాఫోస్ ఊరి పేరుకు చెప్పును తెలిపే గ్రీకు మాటను జతచేశాడు. వీటిలో చాలా రకాలు పెద్ద చెట్ల కింద, రాలిన ఆకుల మధ్య బతుకుతాయి. ఆ నీడ ఎంతటిదో మనుషులు మెల్లమెల్లగా తెలుసుకున్న కథే ఈ పువ్వు చరిత్ర.

కథ మన ఉపఖండంలోనే మొదలైంది. కలకత్తా వృక్షోద్యానాన్ని చూసుకున్న డెన్మార్క్ వైద్యుడు నథానియల్ వాలిచ్ చొరవతో సిల్హెట్ వైపు కొండల నుంచి వెనుస్టం, ఇన్సిగ్నే రకాలు 1820 ప్రాంతంలో ఇంగ్లండ్ చేరి పూశాయి. ఉష్ణదేశపు మొక్కలంటే ఆవిరి, ఉక్కపోతే కావాలని అక్కడివాళ్లు నమ్మారు. గాలి ఆడని గాజు ఇళ్లలో ఎన్నో ఆర్కిడ్లు కుళ్లిపోయాయి. జోసెఫ్ పాక్స్‌టన్ వంటి తోటమాలులు తాజా గాలిని లోపలికి రానిచ్చాక పరిస్థితి మారింది. 1845లో అక్కడ గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు ఇళ్లు చవకయ్యాయి. 1869లో వీచ్ నర్సరీలో జాన్ డొమినీ చేతిలో తొలి స్లిప్పర్ సంకరం పూసింది. సంకరం చేసే దారి చూపిన వైద్యుడు జాన్ హారిస్ పేరునే దానికి పెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1865లో, తిరువాన్కూరు కొండల్లో బ్రిటిష్ సైనికాధికారి హెబర్ డ్రూరీకి పసుపు పువ్వుల డ్రూరీయై కనిపించింది. దక్షిణ భారతంలో పుట్టిన స్లిప్పర్ ఆర్కిడ్ అదొక్కటే. ఈనాడు అది అంతరించే అంచున ఉందని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1922లో వృక్షశాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్, అడవిలో మొలకకు తోడుండే శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలను సీసాలో మొలిపించడంతో సామాన్యుడి కిటికీకి దారి తెరుచుకుంది. ట్యూబులైట్లు వచ్చాక సూర్యుడు సరిగా కనిపించని ఇళ్లలోనూ ఆర్కిడ్లు పూశాయి. ఒక సంగతి మాత్రం మారలేదు. దుకాణాల్లో కనిపించే ఫలెనాప్సిస్‌ను కణజాల వర్ధనంతో లక్షల్లో తయారుచేస్తున్నారు. స్లిప్పర్ ఆర్కిడ్ ఆ పద్ధతికి అంత సులువుగా లొంగలేదు. ఇప్పటికీ ఎక్కువగా విత్తనం నుంచో, పిలక విడదీసో పెంచాల్సిందే.

ఇక ఖతర్. ముత్యాల వేటతో బతికిన ఆ తీరంలో తీపి నీరు కరువు, చెట్టు నీడ అరుదు. 1939 చివర్లో దుఖాన్‌లో చమురు తగిలింది. రెండో ప్రపంచ యుద్ధం అడ్డుపడి ఎగుమతి 1949 దాకా ఆగింది. ఆ సంపదతోనే కరెంటు, సముద్రపు నీటి శుద్ధి, ఏసీ వచ్చాయి. 1970ల నుంచి మనవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. బాల్కనీల్లో ముందు తులసి, కరివేపాకు మొలిచాయి, ఆ తరవాతే అలంకారపు మొక్కలు. ఏసీ గదిలోని 24 డిగ్రీల చల్లదనం మచ్చల ఆకుల రకాలకు సరిగ్గా సరిపోయింది. చలి రాత్రులు కోరే ఇన్సిగ్నేకు మాత్రం అది చాలదు.

చిక్కంతా వెలుగుతోనే. వెలుగును లక్స్‌లలో కొలిస్తే, బయటి ఎండ మధ్యాహ్నానికి లక్ష లక్స్ దాకా ఉంటుంది, 1900లో నమోదైన మౌడియే వంటి మచ్చల ఆకుల సంకరాలకు కావలసింది మాత్రం అందులో పదో వంతే. కాడకు నాలుగైదు పువ్వులు పూసే పట్టీ ఆకుల రకాలకు 20,000 నుంచి 30,000 లక్స్ కావాలి. బయట పెడితే ఆకు మాడుతుంది. సోఫా పక్కన పెడితే కొన్ని వందల లక్సే అంది, పూత రాదు. మన కన్ను ఆ మసకకు సర్దుకుంటుంది, ఆకు సర్దుకోలేదు. రంగు అద్దాలు కొంత వెలుగును మింగుతాయి, వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ధూళి ఇంకొంత. పైగా దోహా 25 డిగ్రీల అక్షాంశం మీద ఉంది: జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడు గనుక దక్షిణ కిటికీలోకి నేరుగా ఎండ పడదు; డిసెంబరులో 41 డిగ్రీల ఎత్తుకు దిగి గది లోతుకు దూరుతాడు. అందుకే కుండీ రుతువును బట్టి జరుగుతూ ఉండాలి. ఆకు ముదురాకుపచ్చకు తిరిగి వాలితే వెలుగు చాలనట్టు, పసుపుబారితే ఎక్కువైనట్టు. అవిసె కొమ్మలు నరికి తమలపాకు తోటకు నీడ సరిచేసిన మన రైతులకు ఇది తెలిసిన విద్యే. ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక, రోజుకు 12 గంటల వెలుగుతో లోపలి గదిలోనూ పూయిస్తున్నారు.

2023 అక్టోబరు 2న అల్ బిద్దా పార్కులో అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శన తెరుచుకునే నాటికి ఎడారిలో పచ్చదనం జాతీయ సంకల్పంగా మారింది. మొక్కల రాకపోకలకు మాత్రం హద్దులున్నాయి. పాఫియోపెడిలాలు, అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉన్నాయి. ఖతర్ 2001లో ఆ ఒప్పందంలో చేరింది. నర్సరీలో పెరిగిన మొక్కనైనా పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. కాబట్టి ఉద్యోగం ముగించుకుని ఊరికి బయలుదేరే కుటుంబం ఆ కుండీని పెట్టెలో సర్దుకోలేదు. ఒకసారి పూసిన పిలక మళ్లీ పూయదు, దాని మొదట్లోంచి కొత్త పిలకలు లేస్తాయి. ప్రయాణానికి వారం ముందు కుండీ బోర్లించి, గుబురును మూడేసి పిలకల చొప్పున విడదీసి, ఏ కిటికీలో ఏ నెలకు ఎండ వస్తుందో చెప్పి ఎదురింటివాళ్ల చేతిలో పెడతారు.