పురుషోత్తమ చౌధురి

పురుషోత్తమ చౌధురి (1803–1890) తెలుగు క్రైస్తవ కవి, సువార్త బోధకుడు. వేల్స్ దేశంలో పాంటికెలిన్‌గా పేరుపడ్డ విలియం విలియమ్స్ (1717–1791) ఊరూరా బోధిస్తూ వెల్ష్ భాషలో వందల కీర్తనలు రాశారు. తెలుగు సంఘాల్లో ఆ స్థానం చౌధురిది.

పూర్వీకులది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. ఆయన పుట్టింది టెక్కలి ప్రాంతంలో. ఒడియా, తెలుగు కలిసి వినిపించే ఆ సీమలో పెరిగి, సంస్కృతమూ చదువుకున్నారు. క్రైస్తవ కరపత్రాలు చదివి ఆలోచనలో పడ్డారు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే క్రైస్తవ మహిళ ఆయనకు దారి చూపారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ రోజుల్లో బ్రాహ్మణుడు మతం మారడమంటే అయినవాళ్లను వదులుకోవడమే. చౌధురి ఆ బాధ భరించి, ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల్లో దశాబ్దాల పాటు బోధించారు. ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ వంటి రచనలూ చేశారు.

అయినా ఆయన్ను నిలబెట్టినవి పాటలే. మిషనరీలు తెచ్చిన పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడితే దీర్ఘం ఒకచోట, ఊనిక మరొకచోట పడి నాలుక తడబడుతుంది. చౌధురి ఆ దారిన పోలేదు. పల్లవి, చరణాలు, ప్రాస, రాగం, తాళం అన్నీ మన కీర్తన సంప్రదాయం నుంచే తీసుకున్నారు. రామదాసు రాముణ్ని వేడుకున్నంత చనువుగా ఆయన యేసును వేడుకున్నారు. చదువు రానివాళ్లకు కూడా ఆ పాటలు నోటికి పట్టాయంటే అందుకే. ఈ భక్తి ధోరణి మీద ఆర్.ఆర్. సుందరరావు చేసిన పరిశోధన 1983లో ఇంగ్లిష్‌లో పుస్తకంగా వచ్చింది.

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాటలతో పాటు రాగం, తాళం పేర్లు అచ్చై కనిపిస్తాయి. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ అనే తేడా లేకుండా అందరి చేతుల్లోనూ ఆ పుస్తకమే. ఈసారి ఆ పుస్తకం పట్టుకున్నప్పుడు పాట రాసిన కవి పేరు కూడా చూడండి. పురుషోత్తమ చౌధురి పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.